చెక్-ఇన్ పెట్టే ముందు: సరిహద్దు ఊళ్ళ తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి బజారులో మాకు ఫోన్ల రిపేరు షాపు ఉంది. డిస్‌ప్లే పగిలిందనో, బ్యాటరీ నిలవడం లేదనో వచ్చి కూర్చున్నవాళ్ళు ఆ అరగంటలో మనసులో మాటలు కూడా చెబుతారు. "ఈ లొకేషన్ ఆపడం ఎలా?" అని మొదలైన మాట ఇంట్లో గొడవ దాకానో, పోలీసు స్టేషన్ దాకానో పోతుంది. అలా ఏళ్ళ తరబడి విన్న ప్రశ్నలు ఇవి. ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఉన్న మనవాళ్ళ కోసం, అటు శ్రీకాకుళం వైపు ఉన్న వాళ్ళ చుట్టాల కోసం రాశాను.

చెక్-ఇన్, లైవ్ లొకేషన్ ఒకటేనా?

కాదు. "నేను ఇప్పుడు ఫలానా చోట ఉన్నాను" అని మనంతట మనం చాటుకోవడం చెక్-ఇన్. అందులో మన పేరు, చోటు, సమయం మూడూ ఉంటాయి. లైవ్ లొకేషన్‌లో మనం కదిలితే మ్యాప్ మీద మన గుర్తు కూడా కదులుతుంది. వాట్సాప్‌లో ఇది 2017 అక్టోబరులో వచ్చింది. పావుగంట, గంట, ఎనిమిది గంటలు అని మూడు గడువులుంటాయి. మనం ఎంచుకున్న గడువు అయిపోగానే దానంతట అదే ఆగిపోతుంది.

చెక్-ఇన్ అలవాటు ఫోర్‌స్క్వేర్ అనే యాప్‌తో బాగా పాకింది. అది 2009లో అమెరికాలో మొదలైంది. ఒక హోటల్‌కో కాఫీ షాపుకో అందరికంటే ఎక్కువసార్లు వెళ్ళినవాళ్ళను ఆ చోటికి 'మేయర్' అనేవారు. 2010 ఆగస్టులో ఫేస్‌బుక్ కూడా చెక్-ఇన్ తెచ్చింది. 2017లో స్నాప్‌చాట్, 2025లో ఇన్‌స్టాగ్రామ్ మ్యాపులు పెట్టాయి. మన దగ్గర ఫోర్‌స్క్వేర్ పేరు విన్నవాళ్ళు తక్కువే. అయినా గుడికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, రైలెక్కినా చోటు పేరు లేకుండా ఫొటో పెట్టేవాళ్ళు ఇప్పుడు అరుదు.

మా ఇల్లు ఊళ్ళో అందరికీ తెలుసు. చెక్-ఇన్‌తో కొత్తగా ఏం తెలుస్తుంది?

ఇంట్లో ఎప్పుడు ఎవరూ ఉండరో తెలుస్తుంది. నన్ను అడిగితే అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే.

పెద్ద నగరంలో దొంగకు మీ ఇల్లు ఎక్కడో తెలియకపోవచ్చు. మన ఊళ్ళో "ఫలానా మాస్టారి ఇల్లెక్కడ బాబూ" అంటే చిన్నపిల్లాడు కూడా చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకెళ్తాడు. ఇంట్లో ఎందరున్నారో, కొడుకు ఏ ఊళ్ళో పనిచేస్తున్నాడో, బీరువా ఏ గదిలో ఉందో కూడా తెలిసినవాళ్ళుంటారు. వాళ్ళకు తెలియనిది సమయం ఒక్కటే. దాన్ని మనమే పిలిచి చెబుతున్నాం.

బరంపురంలో ఠాకురాణి యాత్ర రెండేళ్ళకొకసారి వస్తుంది, వారాల తరబడి సాగుతుంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఇంటిల్లిపాదీ తరలిపోతారు. సింహాచలం చందనోత్సవానికీ అంతే. ఇంట్లో ఉండేదే నలుగురు. "పలాస స్టేషన్‌లో మేం నలుగురం" అని చెక్-ఇన్ పెడితే ఇంటికి తాళం పడిందని చెప్పినట్టే. మూడు గంటల తర్వాత విశాఖపట్నం నుంచి ఇంకో చెక్-ఇన్ పెడితే, వెంటనే బయల్దేరినా తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో కూడా చెప్పినట్టే.

ఈ సంగతిని లోకానికి చూపించాలని 2010 ఫిబ్రవరిలో ముగ్గురు డచ్ కుర్రాళ్ళు 'ప్లీజ్ రాబ్ మీ' అని ఒక వెబ్‌సైట్ పెట్టారు. జనం ట్విట్టర్‌లో అందరికీ కనిపించేలా పెట్టుకున్న ఫోర్‌స్క్వేర్ చెక్-ఇన్‌లనే తీసుకుని, "వీళ్ళ ఇల్లు ఇప్పుడు ఖాళీ" అన్నట్టు వరసగా చూపించారు. వాళ్ళు ఎవరి రహస్యాన్నీ దొంగిలించలేదు.

కాబట్టి ఇంటికొచ్చి, తాళం తీసి, కాళ్ళు కడుక్కున్నాక తీరిగ్గా పెట్టండి. ఫొటోలు ఎక్కడికీ పోవు.

ఫ్రెండ్స్‌కి మాత్రమే కనిపించేలా పెట్టాను. చాలదా?

చాలదు. ఆ లిస్టులో ఉన్నవాళ్ళందరినీ ఇంటికి పిలిచి కాఫీ ఇస్తారా? ఇవ్వరనిపించిన పేర్లు ముందు తీసేయండి. పైగా స్క్రీన్‌షాట్ తీసి కుటుంబం గ్రూపులో పడేయడానికి ఒక్క మనిషి చాలు. పోస్టులో మీరు ఎవరినైనా ట్యాగ్ చేస్తే వాళ్ళ స్నేహితులకు కూడా అది కనిపించే అవకాశం ఉంటుంది.

ఆసుపత్రి నుంచి చెక్-ఇన్ పెడితే తప్పేముంది? నలుగురూ ప్రార్థన చేస్తారు కదా?

నేనూ అలాగే అనుకున్నాను. కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి మా నాన్నగారికి ఆయాసం ఎక్కువై బరంపురంలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. వరండాలో కూర్చుని, ఏం చెయ్యాలో తోచక, ఆసుపత్రి పేరుతో చెక్-ఇన్ పెట్టాను. "నాన్నగారు ఐసీయూలో ఉన్నారు, అందరూ ప్రార్థించండి" అని రాశాను.

అరగంట గడవకముందే పాతపట్నం నుంచి మా మేనత్త ఏడుస్తూ ఫోన్ చేసింది. ఎదురింటి కుర్రాడు ఫోన్ చూపిస్తే అన్నయ్య సంగతి తెలిసిందట. "నాకొక్క మాట చెప్పడానికి నీకు చెయ్యి రాలేదా నాన్నా?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ముందు ఆమెకు చెప్పాల్సింది.

తెల్లవారాక ఇంకొకటి జరిగింది. ఇంట్లో ఉన్న మా అక్కకు ఎవరో ఫోన్ చేసి ఆసుపత్రి బిల్లింగ్ నుంచి మాట్లాడుతున్నామన్నారు. నాన్నగారి పేరు సరిగ్గా చెప్పారు. ఒక ఇంజెక్షన్ బయటి నుంచి తెప్పించాలి, వెంటనే యూపీఐలో 9,000 రూపాయలు పంపమన్నారు. అక్క కంగారులో పంపేసింది. నేను కౌంటరు దగ్గరికి వెళ్ళి అడిగితే, అలాంటి ఫోన్ ఎవరూ చేయలేదన్నారు. నాన్నగారి పేరు ఎలా తెలిసిందని వెతికితే నా పోస్టు కిందే దొరికింది. మా చిన్నాన్న కొడుకు, మా నాన్నగారి పూర్తి పేరు పెట్టి "పెదనాన్న త్వరగా కోలుకోవాలి" అని రాశాడు, దాని కింద అక్క జవాబు ఉంది. అక్క ప్రొఫైల్‌లో ఆమె ఫోన్ నంబరు ఉంది. అన్నీ మా చేతులతో మేం అందించినవే. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాం గానీ, అప్పటికే చాలా ఆలస్యమైంది. డబ్బు తిరిగి రాలేదు. నాన్నగారు మాత్రం కోలుకుని ఇంటికొచ్చారు.

అందుకే నా కౌంటరు దగ్గర ఈ మాట గట్టిగా చెబుతాను. ఆసుపత్రి, పోలీసు స్టేషన్, కోర్టు, బ్యాంకు, ఈ నాలుగు చోట్ల నుంచీ చెక్-ఇన్ వద్దు. చెప్పాల్సినవాళ్ళకు ఫోన్ చేయండి. డబ్బు అడుగుతూ ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేసి, ఆసుపత్రిలో ఉన్న మనవాళ్ళతో మాట్లాడాకే ముందుకు కదలండి. పొరపాటున పంపేస్తే, ఏడుస్తూ కూర్చోకుండా ఆ నిమిషంలోనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు చేతులు మారకముందే ఆపగలిగితేనే తిరిగి వచ్చే ఆశ ఉంటుంది.

స్నేహితులను ట్యాగ్ చేసేముందు అడగాలా?

అడగాలి. నా చోటు చెప్పుకునే హక్కు నాది, పక్కవాళ్ళది వాళ్ళది.

నలుగురు కలిసి గోపాల్‌పూర్ బీచ్‌కు వెళ్తారు. ఒకరు ఆఫీసులో జ్వరమని సెలవు పెట్టి ఉంటారు. ఒకమ్మాయి ఇంట్లో చెప్పకుండా వచ్చి ఉంటుంది. ఒకతను అప్పు ఇచ్చినవాళ్ళకు "చేతిలో పైసా లేదు" అని ఆ ఉదయమే చెప్పి ఉంటాడు. నాలుగో మనిషి సంతోషంగా అందరి పేర్లూ పెట్టి చెక్-ఇన్ చేస్తాడు. సాయంత్రానికి మూడు ఇళ్ళలో మంట. అబద్ధం చెప్పడం వాళ్ళ తప్పే కదా అని కొందరు వాదిస్తారు. ఆ లెక్క ఆ అమ్మాయికీ వాళ్ళమ్మకూ మధ్య తేలాల్సింది. దాన్ని ఊరందరి ముందూ తేల్చే అధికారం ఆ నాలుగో మనిషికి ఎవరిచ్చారు?

పెళ్ళిచూపులకు ముందు ఫేస్‌బుక్ తిరగేయడం ఇప్పుడు మామూలైపోయింది. కాలేజీ రోజుల్లో తప్తపాణికి పిక్నిక్ వెళ్ళినప్పుడు క్లాసులో కుర్రాడెవరో చేసిన ట్యాగ్‌ను ఐదేళ్ళ తర్వాత పెళ్ళివారు పట్టుకుని "ఈ పిల్ల ఎవరితో తిరిగింది?" అని అడిగిన సందర్భం నాకు తెలుసు. ఆ పిక్నిక్‌కు నలభై మంది వెళ్ళారు. చెక్-ఇన్‌లో ఇద్దరి పేర్లే ఉన్నాయి.

ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో 'ప్రొఫైల్ అండ్ ట్యాగింగ్' దగ్గర, ట్యాగ్ చేసిన పోస్టును మీరు చూసి ఒప్పుకున్నాకే మీ ప్రొఫైల్‌లో కనిపించేలా పెట్టుకోవచ్చు. కానీ ఎదుటివాళ్ళ ప్రొఫైల్‌లో మాత్రం ఆ పోస్టు అలాగే ఉంటుంది. అక్కడ ట్యాగ్ తీసేసుకోవాలి, పోస్టు తీయమని వాళ్ళను అడగాలి.

నా చెక్-ఇన్‌లు చూసి ఒకడు ప్రతిచోటికీ వస్తున్నాడు. ఏం చెయ్యాలి?

ఈ ప్రశ్న అడిగే అమ్మాయిలు సాధారణంగా గొంతు తగ్గించి అడుగుతారు. "నేనే పెట్టాను కదా, తప్పు నాదే కదా" అని కూడా అంటారు. కాదమ్మా. నువ్వు చోటు చెప్పడం పిలుపు కాదు. వెంటపడినవాడిదే తప్పు.

2012లో 'గర్ల్స్ ఎరౌండ్ మీ' అని ఒక యాప్ వచ్చింది. ఫోర్‌స్క్వేర్ చెక్-ఇన్‌లనూ ఫేస్‌బుక్ ఫొటోలనూ కలిపి, దగ్గర్లో ఏ అమ్మాయి ఎక్కడుందో మ్యాప్ మీద చూపించేది. గొడవ పెద్దదయ్యాక ఫోర్‌స్క్వేర్ దానికి సమాచారం ఇవ్వడం ఆపేసింది, తయారుచేసినవాళ్ళు యాప్‌ను తీసేశారు. ఆ అమ్మాయిల్లో చాలామందికి తాము అలాంటి మ్యాప్‌లో ఉన్నామని తెలియదు. ఇప్పుడు మన ఊళ్ళో అలాంటి యాప్ అక్కర్లేదు. రోజూ సాయంత్రం ఐదున్నరకు అదే కోచింగ్ సెంటర్, ఆదివారం అదే గుడి పెడుతుంటే పదిహేను రోజులకు ఎవరికైనా టైమ్‌టేబుల్ తయారవుతుంది.

చట్టం మీ వైపే ఉంది. భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ వెంటపడటం గురించే. ఇష్టం లేదని స్పష్టంగా తెలిపాక కూడా మళ్ళీ మళ్ళీ వెంటపడి మాట కలపాలని చూడటం, ఇంటర్నెట్‌లో ఆమె ఏం చేస్తోందో కనిపెట్టి ఉండటం నేరం. మొదటిసారి మూడేళ్ళ దాకా, మళ్ళీ చేస్తే ఐదేళ్ళ దాకా జైలు పడవచ్చు.

మనకు ఇంకో చిక్కుంది. అమ్మాయి ఇల్లు పర్లాకిమిడిలో, కాలేజీ శ్రీకాకుళంలో, వెంటపడేవాడిది ఇచ్ఛాపురం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక సరిహద్దు గీతకు ఇటూ అటూ చీలిపోయిన కుటుంబాలు మనవి, మన రోజులు రెండు రాష్ట్రాల్లోనూ గడుస్తాయి. స్టేషన్‌కు వెళ్తే "ఇది మా పరిధి కాదు, అటు వెళ్ళండి" అంటారేమోనని చాలామంది గడప కూడా ఎక్కరు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. తర్వాత దాన్ని సరైన స్టేషన్‌కు పంపడం వాళ్ళ పని. ఈ మాట కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

వెళ్ళేముందు వాడి మెసేజీలు, కామెంట్లు, ప్రొఫైల్ స్క్రీన్‌షాట్లు తీసి తేదీలతో దాచండి. కోపంతో అన్నీ డిలీట్ చేయకండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. అప్పటికప్పుడు ప్రమాదం అనిపిస్తే 112, మహిళల హెల్ప్‌లైన్ 181.

మా ఆయన రోజంతా లైవ్ లొకేషన్ ఆన్‌లో పెట్టమంటారు. అది జాగ్రత్తా, అనుమానమా?

రాత్రి బస్సులో ఒక్కరే వస్తున్నప్పుడు దిగేదాకా పంపమంటే జాగ్రత్త. ఎనిమిది గంటలు అయిపోగానే మళ్ళీ పెట్టమంటే, పది నిమిషాలు మార్కెట్లో ఆగినందుకు లెక్క అడిగితే, అది కాపలా. ఇష్టంగా ఇవ్వడానికీ భయంతో ఇవ్వడానికీ తేడా మీకు లోపల తెలుస్తూనే ఉంటుంది. ఆయన తనది కూడా మీకు చూపిస్తున్నారా? ఆ ప్రశ్న ఒకసారి మెత్తగా అడిగి చూడండి.

పిల్లల విషయంలో కూడా చెప్పి చూడండి, చెప్పకుండా చూడకండి. దొంగచాటుగా యాప్ వేయమని నా దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులకు నేను వేసివ్వను.

వెళ్ళని చోటుకు వెళ్ళినట్టు చెక్-ఇన్ పెట్టడం కుదురుతుందా?

కుదురుతుంది. ఫేస్‌బుక్‌లో మీరు లేని చోటు పేరు కూడా ఎంచుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో దొంగ జీపీఎస్ యాప్‌లు కూడా ఉన్నాయి. మేయర్ పదవి కోసం ఇంట్లో కూర్చునే చెక్-ఇన్‌లు కొట్టేవాళ్ళు ఎక్కువై, 2010లోనే ఫోర్‌స్క్వేర్ ఫోను జీపీఎస్‌తో సరిచూడటం మొదలుపెట్టింది.

అన్నీ మోసాలే అనను. 2016లో అమెరికాలోని స్టాండింగ్ రాక్ దగ్గర ఆయిల్ పైప్‌లైన్‌కు వ్యతిరేకంగా ఆదివాసులు పోరాడుతున్నప్పుడు, పోలీసులు చెక్-ఇన్‌లు చూసి మనుషులను పట్టుకుంటున్నారన్న ప్రచారం వచ్చింది. పోలీసులు కాదన్నారు. అయినా పది లక్షల మందికి పైగా తామూ అక్కడే ఉన్నామని ఎక్కడెక్కడి నుంచో చెక్-ఇన్ పెట్టారు. అది సంఘీభావం.

హాజరులో దొంగ లొకేషన్ వేరే సంగతి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి నుంచి లొకేషన్‌తో కూడిన ఫొటో తీసి యాప్‌లో హాజరు వేయడం తప్పనిసరి చేశారు. ఫొటోనే మళ్ళీ ఫొటో తీసి ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. అలాంటి పని వల్ల తనిఖీలు పెరిగి, ఎండలో నిజంగా మట్టి మోసిన ఆడవాళ్ళ కూలి ఆగిపోతుంది. ఆఫీసు యాప్‌కు దొంగ జీపీఎస్ వేసిమ్మని నా షాపుకు ఎవరూ రావద్దు.

తుఫాను వచ్చినప్పుడు సరదాగా "ఇక్కడ ఇరుక్కుపోయాం" అని పెట్టాను. తిట్టారు. ఎందుకు?

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు మీరు ఈ జిల్లాలో లేరేమో. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. సూరత్ మిల్లుల్లో, హైదరాబాద్‌లో పనిచేస్తున్న మన పిల్లలు ఊరి పేరు కొట్టి కనబడిన ప్రతి పోస్టూ చదివారు. అంతకు ముందు 2013లో గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తీరం దాటినప్పుడూ అంతే. అలాంటి వేళ ఒక ఊరి పేరుతో పెట్టిన అబద్ధపు చెక్-ఇన్ చూసి ఒక తల్లి కుప్పకూలుతుంది, ఒక పడవ తప్పుడు దిక్కుకు వెళ్తుంది.

ఫేస్‌బుక్‌లో 'క్షేమంగా ఉన్నాను' అని చెప్పే సేఫ్టీ చెక్ 2014 అక్టోబరులో వచ్చింది. అది కూడా పొరపాటు పడగలదు. 2016 మార్చిలో లాహోర్ పేలుడు తర్వాత ఎక్కడో దూరదేశాల్లో ఉన్నవాళ్ళను కూడా "క్షేమమేనా?" అని అడిగింది. కాబట్టి తుఫాను వేళ ఒకటే పని చేయండి. నిజంగా ఉన్న చోటు, తేదీ, సమయం రాయండి, ఒడ్డున పడ్డాక పాత పోస్టు తీసేయండి. పోయినేటి వరద ఫొటోకు ఈరోజు చోటు తగిలించకండి.

నేను పర్లాకిమిడిలో ఉంటే ఫోను పాతపట్నం చూపిస్తోంది. పాడైందా?

పాడవలేదు. ఫోను జీపీఎస్‌తో పాటు దగ్గర్లోని వైఫైలు, సెల్ టవర్లు కూడా చూసి చోటు అంచనా వేస్తుంది. నాలుగు గోడల మధ్య జీపీఎస్ సరిగ్గా అందకపోతే ఆ అంచనా పక్క ఊరికి జారుతుంది. చెక్-ఇన్‌లో అయితే నష్టం లేదు. అంబులెన్సుకు ఫోన్ చేసినప్పుడు మాత్రం లొకేషన్ పంపాం కదా అని ఊరుకోకుండా ఊరు, బ్లాకు లేదా మండలం, ఒడిశానా ఆంధ్రానా అన్నది నోటితో చెప్పండి.

మా తమ్ముడు మల్కన్‌గిరి వైపు జవానుగా డ్యూటీలో ఉన్నాడు. వాడి ఫొటో పెట్టొచ్చా?

ఫొటో పెట్టండి, చోటు వద్దు, క్యాంపు పేరు అసలే వద్దు. పరుగు లెక్కపెట్టే స్ట్రావా యాప్ తన వాడకందారుల దారులన్నీ కలిపి ఒక మ్యాప్ విడుదల చేస్తే, 2018 జనవరిలో అందులో సైనిక స్థావరాల ఆకారాలు మెరుస్తూ కనిపించాయి. పొద్దున్నే పరిగెత్తిన జవాన్లు గీసిన గీతలవి.

చోటు పేరు పెట్టకుండా ఫొటో పంపినా లొకేషన్ తెలుస్తుందా?

తెలియవచ్చు. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటో ఫైలు లోపల అక్షాంశ రేఖాంశాలు నమోదవుతాయి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తాయి. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేస్తే సరిపోతుంది.

ఇప్పటిదాకా పెట్టినవన్నీ తీసేయాలంటే?

ఒక ఆదివారం కూర్చోండి. ఫేస్‌బుక్‌లో 'యాక్టివిటీ లాగ్' తెరిస్తే మీ చెక్-ఇన్‌లు కనిపిస్తాయి, ఇల్లు, పిల్లల స్కూలు, ఆసుపత్రి ఉన్నవి ముందు తీసేయండి. స్నాప్‌చాట్ మ్యాప్‌లో మీరు ఎవరికీ కనిపించకుండా 'ఘోస్ట్ మోడ్' పెట్టండి. వాట్సాప్‌లో ప్రైవసీ కింద 'లైవ్ లొకేషన్' తెరిచి, ఎవరికైనా ఇంకా వెళ్తోందేమో చూడండి. గూగుల్ మ్యాప్స్‌లో మీరు తిరిగిన చోట్లను దాచే 'టైమ్‌లైన్' చూడండి, చాలామందికి అది ఆన్‌లో ఉందనే తెలియదు. చివరగా ఫోను సెట్టింగ్స్‌లో ఏయే యాప్‌లకు లొకేషన్ ఇచ్చారో చూసి, మ్యాప్‌లకూ ఆటో బుకింగ్‌కూ 'వాడుతున్నప్పుడు మాత్రమే' అని పెట్టండి. టార్చ్ లైట్ యాప్‌కు, పంచాంగం యాప్‌కు మీరు ఎక్కడున్నారో అనవసరం.

చేతకాకపోతే షాపుకు రండి. దీనికి డబ్బు తీసుకోను. ఫోను మీ చేతిలోనే ఉంచుకోండి, ఎక్కడ నొక్కాలో నేను పక్కన కూర్చుని చెబుతాను.